లోపల పెట్టిన కిలో

ఆ రోజు ఉదయకుమార్ లోపలికి పిలిచింది పాండిసెల్విని. నన్ను ఎవరూ పిలవలేదు. పిలవని చోటికి వెళ్లాను.

మాది విరుదునగర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. రైతులు తెచ్చిన మిరప, ధనియాలు తూచి బిల్లు వేసేందుకు మండీలు వాడే ప్రోగ్రాం మేం చేస్తాం. ఉదయకుమార్ యజమాని; నన్ను అణ్ణాచ్చి, అంటే పెద్దన్న, అంటాడు. నేను ఎనిమిదితో బడి మానేసి, మండీలో మూటలు తూస్తూ సగం వయసు పోగొట్టుకున్నవాణ్ని. ప్రోగ్రాం లెక్క సరిగా వేస్తోందో లేదో చేత్తో నొక్కి చూడడం ఇక్కడ నా పని. పాండిసెల్వి కోవిల్‌పట్టి పిల్ల, ఇంజనీరింగ్ చదివింది. మావాళ్లే, నన్ను మామా అంటుంది. నేను చూసేదంతా కంప్యూటరే చూసుకునేలా ప్రోగ్రాంకు పరీక్షలు, అంటే టెస్టులు, రాసిపెట్టడం ఆమె పని. అంటే ఎప్పటికైనా నన్ను ఇంటికి పంపే పని. అందరి మీదా వచ్చే కోపం ఎందుకో ఆ పిల్ల మీద రాలేదు.

ప్రతి పరీక్షలోనూ వచ్చిన బరువును రావాల్సిన బరువుతో పోల్చాలి. ఒక్కోదానికి ఒక్కో పోలిక రాసి విసిగి, ఎక్కడైనా వాడుకునేలా ఒకటే తయారు చేద్దామంది. దాన్ని మ్యాచర్ అంటారు. గోడౌన్‌లో మిరప మూట ఆరి తగ్గుతుంది కాబట్టి కిలో దాకా తేడా ఒప్పుకోవాలన్నాను.

"ఎంత ఒప్పుకోవాలో వాడేవాళ్లే ప్రతిసారీ చెప్పాల మామా. లోపల దాచిపెడితే ఎవరికీ తెలియకుండా పోతాది."

"ఒకటే ముక్క ఎన్ని తూర్లు రాస్తావు పాపా? కిలో లోపలే పెట్టెయ్యి. చేతినొప్పి తప్పుతాది."

"నొప్పి నా చేతికిదా, మీకేమి?" అని నవ్వింది. అయినా పెద్దవాడి మాట తీసెయ్యలేక పెట్టింది.

తర్వాత దాన్నే ధనియాలకూ వాడారు. ప్రోగ్రాంలో ఎవరో ఏదో మార్చినప్పుడు ధనియాల మూటకు గోనెసంచి బరువు రెండుసార్లు తీసెయ్యడం మొదలైంది. సంచి కిలో కూడా ఉండదు. తేడా కిలోలోపే కదా, పరీక్షలన్నీ సరే సరే అన్నాయి. రైతులు మండీలో గొడవకు దిగాక గాని మాకు తెలియలేదు.

ఆమెను లోపలికి పిలిచింది అందుకే. నేను తలుపు తోసుకుని వెళ్లి నిలబడ్డాను. "సార్, ఆ కిలో నాది. పాప వద్దనే అనింది. నేనే పెట్టించాను."

ఉదయకుమార్ నావైపు చూడలేదు. "అణ్ణాచ్చి చెప్పాడని పెట్టావా?" అని ఆమెను అడిగాడు.

ఆమె అవునన్నట్టు తల ఊపింది.

"తెలియక చేశావనుకున్నా. తెలిసీ, మూటలు తూచినాయన చెప్పాడని పెట్టావా? రేపు టీ తెచ్చేవాడు చెప్తే అదీ పెడతావు." నాతో మాత్రం మెత్తగా, "మీరు పోయి పని చూసుకోండి అణ్ణాచ్చి," అన్నాడు.

నన్ను ఉంచాడు. ఆమెను పని మానిపించాడు.

మెట్ల దగ్గర ఆమె ఆగింది. "ఏమిటికి వస్తిరి మామా? తిట్టి ముగించినాడు. సరిచెయ్యి పో అన్నాడు. లేస్తా ఉంటిని, అప్పుడు వస్తిరి."

"నీమీద పడకూడదనిదా పాపా."

"పడితే పడనీ. తప్పయినా నాదిగా ఉండును. ఇప్పుడు అదీ మీదైపోయె."

ఆదివారం బస్సెక్కి కోవిల్‌పట్టి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియదు, ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. వాళ్లమ్మ పొన్నుతాయి వాకిట్లోకి వచ్చింది. మా ఇళ్లలో తెలుగు ఇంటివాళ్లకు, తమిళం బయటివాళ్లకు. ఎప్పుడు వెళ్లినా "రా అన్నా, అన్నం తిను" అనే మనిషి ఆమె.

"వాంగ, ఉక్కారుంగ," అంది. రండి, కూర్చోండి అని, తమిళంలో, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడితో అన్నట్టు.

"పాప ఉండాదా చెల్లెమా?" అని తెలుగులోనే అడిగాను.

ఆమె జవాబు చెప్పేలోగా లోపలి నుంచి పాండిసెల్వి గొంతు, "ఎవరుమా?"

"ఎవరో ఆఫీసాయన," అని తెలుగులో లోపలికి చెప్పి, పొన్నుతాయి నావైపు తిరిగింది. కాఫీ తాగుతారా అని తమిళంలో, ఎంతో మర్యాదగా అడిగింది.