వాకిట్లో సున్నపు గీతలు

ముత్తక్కకు తట్ట దించే చోటు దొరకలేదు.

తెల్లారకముందే అడవిలోకి పోయి, ఇప్పచెట్ల కింద నడుం పడిపోయేదాకా ఏరుకొచ్చిన పువ్వు నెత్తి మీద ఉంది. తడి పువ్వు. తియ్యటి నీరు మెడ మీదికి కారుతోంది. ఇంటికి రాగానే అలికిన వాకిట్లో పలచగా పరిచెయ్యాలి. లేకపోతే పొద్దుగూకేసరికి పులిసి నల్లబడుతుంది. నల్లబడిన పువ్వును సంతలో ఎవడూ ముట్టుకోడు. ఆ ఇంటికి వేసవంతా ఉప్పూ పప్పూ తెచ్చేది ఆ పువ్వే.

వాకిలి నిండా కార్లున్నాయి. నిన్న పేడతో అలికిన నేల మీద సున్నంతో బారుగా గీతలు గీశారు. ఆరబోసిన నిన్నటి పువ్వును ఎవరో ఊడ్చి, చెత్తలా మూలకు నెట్టారు. మొగుడు భద్రయ్య తన ట్రాలీ ఆటో పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆటో ముందు చక్రానికి పసుపు రంగు ఇనుప తాళం వేసి ఉంది.

"ఏందిది?"

"పార్కింగంట."

"మన బండికి తాళమేంది మరి?"

"గీతల నడుమ పెట్టలేదంట. అడ్డం పెట్టిన్నంట."

తన వాకిట్లో తన బండి తనకే అడ్డమైంది! ఇంత చక్కటి న్యాయం అడవిలో మృగాలకు కూడా తట్టదు. దానికి కుర్చీ, బల్ల, తీర్మానం ఉండాలి.

అంతలో విజిల్ ఊదుకుంటూ శ్రీను వచ్చాడు. రోడ్డు మలుపులో టిఫిన్ హోటల్ నడుపుతాడు. శ్రీరామనవమికి పార్కింగ్ వసూలు వేలంపాట ఈసారి అతనిదే. ఏజెన్సీలో గిరిజనుల నేల కొనడానికి గిరిజనుడు కాని అతనికి చట్టం ఒప్పుకోదు. ఆ నేల మీద గీతలు గీసి బండికి యాభై రూపాయలు దండుకోవడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాలేదు.

"కోపం చెయ్యకు ముత్తక్కా. భద్రాద్రి కల్యాణానికి పోయే బండ్లు రోడ్డు మీద ఆగితే జామ్ అయితాంది. పంచాయతీ తీర్మానం చేసింది. రోడ్డు పక్క జాగలన్ని పార్కింగే."

"ఈ జాగ మా మామ పొదలు కొట్టి చేసుకున్నది. మమ్ముల అడగొద్దా?"

"నీ జాగ నీదే ఉంటది. ఎవడు కాదన్నడు? బండ్లే ఆగుతయ్," అని నవ్వాడు శ్రీను.

ముత్తక్క తట్టను రోడ్డు వారన కుమ్మరించి, పువ్వును చేత్తో నెరిపి, కొంగు దులుపుకుని పంచాయతీ ఆఫీసుకు నడిచింది.

కార్యదర్శి కళ్యాణి చిన్నపిల్ల. కారేపల్లి దగ్గర తండాలో పుట్టి, కష్టపడి చదివి, కొలువు తెచ్చుకుంది. ముత్తక్కను కుర్చీలో కూర్చోబెట్టింది. కానీ ముఖంలోకి సూటిగా చూడలేదు. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది.

పోయినేడు నవమి నాటిది. ముత్తక్క వాకిట్లో చింతచెట్టు నీడన నాలుగైదు బండ్లు. ఎవరో ముసలాయన దోసిలి పట్టాడు. ముత్తక్క సొరబుర్ర వంచి నీళ్లు పోస్తోంది. పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది కూడా.

"వచ్చినోళ్లను వద్దనలేదు గదమ్మా నువ్వు," అంది కళ్యాణి. "పైసలు గూడ తీసుకోలేదు. సొంత జాగైనా అందరికి తెరిచి పెడితే, అక్కడ బండ్లెట్ల ఆగాలె, ఎక్కడ ఆగాలె అన్నది పంచాయతీ చెప్తది. తీర్మానంల గదే ఉంది."

"దాహమన్నరు. పోసిన. వాకిట్లకొచ్చిన మనిషికి నీళ్లు లేవనంగ మా గూడెంల ఎవలన్న విన్నరా? నువ్వు కొలువుల చేరిన రోజు మా ఇంట్లనే తాగినవ్ గద బిడ్డా!"

కళ్యాణి ఫోన్ బల్ల మీద బోర్లించింది. గొంతు తగ్గించి చెప్పింది.

"రేపు పొద్దున మండలాఫీసు నుంచి పెద్దసారు పార్కింగ్ జాగలు చూడనీకి వస్తడు. నీ వాకిట్ల ఒక్కలు గూడ ఆగొద్దు. దడి కట్టుకో. జనం వచ్చిపోయే జాగ కాదని సారుకు కనబడితే జాబితాల నుంచి తీపిచ్చుకోవచ్చు. ఒక్కలకు నీళ్లు పోసినా శ్రీను మళ్ల ఫోటో తీస్తడు. అప్పుడు నా చేతుల ఏం లేదు."

"ఆ ఫోటో తీసింది శ్రీనేనా?"

"అవ్."

ఆ రోజు శ్రీను కూడా ఆ బుర్ర నీళ్లే తాగాడు. అది ముత్తక్కకు బాగా గుర్తుంది. థూ, ఏం మనుషులురా!

తిరిగొచ్చేసరికి రోడ్డు వారన పరిచిన పువ్వును బండ్లు తొక్కి పోయాయి. తారుకు అంటుకున్న దాన్ని గీకి తీస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"పండగైతే పోతర్లే," అన్నాడు భద్రయ్య.

"గీత గీసినోడు పోతడా?"

రాత్రి కార్లు వెళ్లిపోయాక, ఇద్దరూ వెదురుబద్దలూ ముళ్లకంపా తెచ్చి, వాకిలి మొగన దడి కట్టారు. ఆ ఇంటికి దడి ఉండటం అదే మొదలు. పొద్దున ముత్తక్క పువ్వుకు పోలేదు. గీతల మీద పేడ కలిపి అలికింది. ఆరేకొద్దీ సున్నం మళ్లీ తేలింది. మూలకు నెట్టిన పువ్వులో బాగున్నదాన్ని ఏరి, ఆ గీతల మీదే ఆరబోసింది.

ఎండ ముదిరాక రోడ్డుకు అవతల జీపు ఆగింది. పెద్దసారు దిగి, నీడన నిలబడి ఇటు చూస్తున్నాడు. పక్కన కళ్యాణి. ఆ పక్కన ఫోన్ పట్టుకుని శ్రీను.

సరిగ్గా అప్పుడే ఒక ముసలామె దడి దగ్గరికి వచ్చింది. బండీ లేదు, తోడూ లేదు. కాళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుంది. చంకలో పసుపుగుడ్డ మూట. అందులో రాములవారి కల్యాణానికి గోళ్లతో ఒలిచిన తలంబ్రాల బియ్యం.

"పెనుబల్లి కాణ్ణుంచి నడిచొస్తన్నా తల్లీ. కాసిని మంచినీళ్లు పొయ్యమ్మా. గొంతెండిపోతంది."

ముత్తక్క చెయ్యి దానంతటదే సొరబుర్ర మీదికి పోయింది. బుర్ర తీసుకుని దడి దాకా నడిచింది. కంప మీంచి వంచితే చాలు. అవతల శ్రీను ఫోన్ పైకెత్తాడు.

పుట్టి బుద్ధెరిగాక అనని మాట ఆమె నోట్లోంచి బయటికొచ్చింది.

"నీళ్లు లెవ్వు."

ముసలామె ఆమె చేతిలోని బుర్ర వంక చూసింది. బుర్ర మూతి మీద ఇంకా తడి ఉంది.

"లేవా తల్లీ?"

"లెవ్వు. పో."

ముసలామె మూట సర్దుకుని, ఎండలో పడి ముందుకు నడిచింది. శ్రీను ఫోన్ దించలేదు. పెద్దసారు ఏదో రాసుకుంటున్నాడు. ఏం రాశాడో ఇక్కడికి కనబడదు.

ముత్తక్క దడి దగ్గరే నిలబడిపోయింది. పొద్దుటి నుంచి ఆమె కూడా గుక్కెడు తాగలేదు. బుర్ర నోటి దాకా ఎత్తింది. నీళ్లు గొంతు దిగలేదు.