కూర్మారావు చిన్నాన్న కరపత్రం

మా కూర్మారావు చిన్నాన్న చదువురాని మనిషేమీ కాదు. బస్తీలో ఎవరింటికి ఉత్తరమొచ్చినా తెలుగయితే కూడబలుక్కుని చదివిపెడతాడు. హిందీ మాత్రం నోటితోనే. పదిహేనేళ్ళు పట్నా శాసనసభలో కూర్చున్నాడు కానీ నాగరి అక్షరాల జోలికి పోలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, జరిగిందంతా దానివల్లే జరిగింది కనక.

అరవై ఏడు జనవరిలో ఆయన మా ఇంటికొచ్చి, నాలుగోసారి నిలబడుతున్నానని చెప్పి, పదిహేనేళ్ళలో చేసినదంతా ఒక కరపత్రంగా రాసిపెట్టమన్నాడు. చిన్నాన్న అంటున్నాను గానీ ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్న తవిటయ్యా ఆయనా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడాది రైలెక్కి వచ్చారు, రేకుల మిల్లులో ఒకే కొలిమి ముందు పనిచేశారు. నేను తెలుగు బడిలో టీచర్ని. హిందీ కూడా చదువుతాను.

"పద్మకుమారి రాసిందంటే జనం నమ్ముతారమ్మా" అన్నాడు. పొంగిపోయాను, అబద్ధమెందుకు.

మర్నాడు రిక్షాలో పుస్తకాల మూట దిగింది. శాసనసభలో ఏ రోజు ఎవరేం మాట్లాడారో అచ్చువేసే పుస్తకాలు. ఒక్కదానికీ పేజీల అంచులు కోసిలేవు. వచ్చినవి వచ్చినట్టే గుడ్డలో కట్టి అటకెక్కించాడు మహానుభావుడు. బడి నుంచి రాగానే కూరగాయల చాకు పట్టుకుని ఒక్కో పేజీ కోసుకుంటూ కూర్చునేదాన్ని.

ఎన్నికల కథకి పుస్తకాలు అక్కర్లేదు, అది నాన్న దగ్గరే ఉంది. యాభై రెండులో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. నిచ్చెన బొమ్మ అంటించిన పెట్టె చిన్నాన్నది. నాన్న చీటీ అందులో వేసి, పెట్టెకి కుంకుమబొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ఎంతకీ బయటికి రావడంలేదని ఆఫీసరు తెర తీసి చూసి కసిరాడట. యాభై ఏడులో బంతిపువ్వు కూడా పెట్టాడు. అరవై రెండులో పెట్టెలు పోయి కాగితం మీద ముద్ర వచ్చింది. మనవాడికి ఒక్క ముద్రేం సరిపోతుందని నాన్న నిచ్చెన చుట్టూ మూడు గుద్దాడు. పక్క బొమ్మ మీదికి కూడా పోయిందట ఒకటి. బయటికొచ్చి గొప్పగా అందరికీ చెప్పుకున్నాడు. అది చెల్లదని తెలిశాక రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ ఏడు చిన్నాన్న రెండు వందల పైచిలుకు ఓట్లతో గట్టెక్కాడు కాబట్టి సరిపోయింది.

నాన్న భక్తి అలా ఏటికేడు ముదరడానికి కారణముంది. యాభై నాలుగులో గంటసేపు పని ఆపినందుకు మిల్లువాళ్ళు నలభై ఒక్క మందిని తీసేశారు. అందులో నాన్న ఒకడు. క్వార్టరు పోయి, బారిడీహ్ పక్కన బస్తీకి వచ్చాం. నాన్న అప్పట్నుంచీ గమ్హరియా వైపు కాంట్రాక్టరు దగ్గర రాళ్ళు మోస్తున్నాడు. ఆ నలభై ఒక్క మంది సంగతి విచారణకి పంపాలని యాభై అయిదులో పట్నాలో తీర్మానం వచ్చింది, ఓడిపోయింది. మనవాడు మన పక్కే ఓటేశాడు, మిగతావాళ్ళే పడనివ్వలేదు అని నాన్న చెప్పని ఇల్లు లేదు. ఆ ఒక్క మాట మీద పన్నెండేళ్ళు బతికాడు.

ఆ రోజు చిన్నాన్న మాట్లాడింది పుస్తకంలో దొరికింది. ఎంత బాగా మాట్లాడాడో! కొలిమి వేడి, కాలిన పాదాలు, ఇల్లు ఖాళీ చేయించిన రోజు వాన. తవిటయ్య అని నాన్న పేరు కూడా ఉంది. తెలుగులో చదివి వినిపిస్తే నాన్న ఆ గీత మీద బొటనవేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. మర్నాడు మళ్ళీ చదివించుకున్నాడు, ఆ మర్నాడు మళ్ళీ.

నాలుగోరోజు ఆ తరవాతి పేజీలు కోశాను. ఓట్ల జాబితా. తీర్మానం పక్షాన యాభై ఎనిమిది పేర్లు. రెండుసార్లు వేలు పెట్టి వెతికాను, చిన్నాన్న పేరు లేదు. ఎదురు వేసిన నూట ముప్పై ఒక్కమందిలో ఉంది. నియోజకవర్గంతో సహా.

ఇక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. బడిలో ఎక్కం తప్పు చెప్పిన పిల్లని ఊరికే కసిరాను. కరపత్రంలో మూడు గెలుపులూ రాశాను, గొట్టపు బావులు రాశాను, యాభై అయిదు దగ్గర జానెడు జాగా వదిలేశాను. ప్రెస్సు మనిషి రెండుసార్లు వచ్చి తిరిగిపోయాడు. మూడోరోజు బడి వదలగానే పుస్తకం చంకలో పెట్టుకుని చిన్నాన్న ఇంటికి నడిచాను.

ఆయన అరుగు మీద టీ తాగుతున్నాడు. పేజీ తీసి చూపించాను. అర్థం కాలేదు. చదివి చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టాడు.

"మాటలే అచ్చేత్తారనుకున్నానమ్మా" అన్నాడు. "ఓట్లు కూడా అచ్చేత్తారని నాకెవులు సెప్పారు?"

తరవాత దాచకుండానే చెప్పాడు. ముందు రోజు మంత్రిగారి మనిషి వచ్చి, నోటికొచ్చింది మాట్లాడుకో, ఓటు మాత్రం మాకెయ్యి, మీ తెలుగు బడి కాగితం బల్లమీదే ఉంది అన్నాడట. ఎలాగూ ఓడిపోయే తీర్మానమే కదా, బడైనా వస్తుందనుకున్నాడు.

"నువ్వు సదివింది ఆ బళ్ళోనే, ఇప్పుడు పాఠాలు సెప్తంది ఆ బళ్ళోనే" అన్నాడు. "నాను సేసింది తప్పయితే ఆ బడేటో సెప్పు మరి."

ఆయన మీద ఎంత ఒళ్ళు మండిందో నా మీద నాకంత మండింది. ఆ పేజీ ఒక్కటి వదిలెయ్యమన్నాడు, నాన్నకి చెప్పొద్దన్నాడు. ఆయన కళ్ళలో భయం చూశాను. ఎన్నిక పోతుందన్న భయం కాదది, నాన్నంటే భయం.

చెప్పకూడదనే అనుకుంటూ ఇంటికొచ్చాను. నాన్న పనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పుస్తకం ముందు కూర్చున్నాడు.

"ఆ మాటల తరవాత ఏటుంది? అక్కడికొచ్చి ఆపేత్తన్నావేటే పాపా?" అని అడిగాడు.

ఆ మొహం చూస్తూ అబద్ధమాడ్డం నావల్ల కాలేదు. జాబితా చదివాను. బడి సంగతీ చెప్పాను. నాన్న కోపం తెచ్చుకోలేదు. ఎన్ని ఓట్ల తేడా అని మాత్రం అడిగాడు. డెబ్భై మూడన్నాను.

"అయితే మనోడు ఇటేసినా తీర్మానం ఓడిపోయేదే" అన్నాడు.

అవునన్నాను. అదే నయమని కూడా అన్నాను, సిగ్గులేకుండా.

"అది కాదే. నలభయ్యొక్క మందికీ మనోడు మనకే ఏసాడని సెప్పింది నానే. అది నమ్మి సచ్చిపోయినోళ్ళు కూడా ఉన్నారు."

ఆ తరవాత పుస్తకం చదవమని అడగలేదు.

మర్నాడే కరపత్రంలో ఆ జాగా నింపాను. చిన్నాన్న మాటలు నాలుగు వాక్యాలు, దాని కిందే ఆయన వేసిన ఓటు ఒక వాక్యం, ఆ కింద బడి. మూడూ నిజాలే. చిన్నాన్న కూడబలుక్కుని ఆఖరిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో ఇంకెవరిచేతో రాయించిన కరపత్రం ఊరంతా పంచారు. అందులో యాభై అయిదే లేదు.

పోలింగు మా బడిలోనే జరిగింది. నాన్న గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. కుంకుమ పొట్లం గూట్లోనే ఉండిపోయింది. గేటుకి దూరంగా వేసిన గుడారం ముందు చిన్నాన్న నిలబడి ఉన్నాడు. "అన్నా, ఈసారి ఒక్కటే ముద్ర" అని నవ్వించబోయాడు. నాన్న తలాడించి వరసలోకి వెళ్ళాడు. అక్కడున్నంతసేపూ చిన్నాన్న నావైపు చూడలేదు, నేనూ చూడలేదు. చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ గుడారంలోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నాడు.

నాన్న బయటికి రాగానే ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"మనకేనా అన్నా?"

"ఒక్కటే ఏసాను తమ్ముడా" అన్నాడు నాన్న. "ఎవులికేసానో ఏ పుస్తకంలోనూ అచ్చెయ్యరు."

మెల్లిగా చెయ్యి విడిపించుకుని నడిచాడు. చిన్నాన్న చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

రోడ్డెక్కాక నాన్న ఇంటివైపు తిరగలేదు. ఎక్కడికని అడిగాను.

"ఆ నలభయ్యొక్క మందిలో పదారు మంది ఇంకా బతికే ఉన్నారు. ఇన్నేళ్ళూ నాను సెప్పింది అబద్ధమని సెప్పాల కదా" అన్నాడు.

మొదటి ఇల్లు ఆదిబాబు మామయ్యది. ఆయన ఓటేసొచ్చి గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మమ్మల్ని చూడగానే, నిచ్చెనకే వేశానని నాన్నతో గొప్పగా చెప్పాడు. నాన్న చెప్పులు విప్పి ఆయన పక్కన కూర్చున్నాడు.