ఆదెప్ప వరస

హిందూపురం బస్టాండులో దిగేటప్పటికే సిద్దమ్మ ఏం మాట్లాడాలో తేల్చుకుంది. చెప్పాల్సింది ఒకటే మాట. ఆ మాట చెప్పకుండా తిరిగి పెనుకొండ బస్సు ఎక్కేది లేదు. పొద్దున కొడుకు హరి టీ తాగుతూ, పాతవన్నీ ఎందుకు తవ్వుతావు, నవ్వుతూ రెండు ముక్కలు చెప్పి వచ్చేయమన్నాడు. కొడుకు మంచివాడే. గొడవ అంటే మాత్రం వాడికి చెమటలు పడతాయి. ఆ గుణం వాడి నాయన నుంచి వచ్చింది గానీ ఆమె నుంచి కాదు.

సంగతి ఏమిటంటే, ఆ పక్క ఊళ్ల నాటకాలలో "ఆదెప్ప వరస" అని పద్యం పాడే తీరు ఒకటుంది. గుడిబండ నుంచి ధర్మవరం దాకా ఏ ఊళ్లో నాటకం ఆడినా, రాజు యుద్ధానికి పోయే ముందు రాణి దగ్గర సెలవు తీసుకునే పద్యం ఆ వరసలోనే పాడాలి. వేరేగా పాడితే జనం ఊరుకోరు. పాదం సగంలో గొంతు చప్పున కిందికి దిగి, ఆగి, మళ్లీ మెల్లగా లేస్తుంది. ఆ ఆగిన చోట ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. ఈ మధ్య ఎవరో కుర్రవాళ్లు దానికి డీజే దరువు కలిపి ఫోన్లలోకి వదిలారు. ఇక చూసుకోండి, జాతరలో అదే, పెళ్లి ఊరేగింపులో అదే, సిద్దమ్మ ఇంటి ముందుకొచ్చే కూరగాయల ఆటోవాడి ఫోను మోగినా అదే. దాని కింద పేరు మాత్రం ఆదెప్పది.

ఆ వరస కట్టింది సిద్దమ్మ.

ఈ మాట ఆమె ఇన్నేళ్లు ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్లు లేరు. కూలికి నాటకం ఆడేదానివి, వేషం తీసేశాక నీకు వరసేమిటి, పాటేమిటి అనే లోకమది. కానీ ఆటోవాడు ఒకరోజు వంకాయలు తూస్తూ, "ఆదెప్ప అంటే శానా పెద్ద విద్వాంసుడంట గదా అవ్వా, నీకి తెల్సునా?" అని అడిగాడు. ఆ రోజు ఆమెకు అన్నం దిగలేదు. సరిగ్గా ఆ వారంలోనే పద్మ ఫోన్ చేసింది.

పద్మ ధర్మవరం పిల్ల. ఇంట్లో పట్టుచీరల మగ్గాలు, తనకు హిందూపురంలో బ్యాంకు ఉద్యోగం. ఆదివారాలు తనతో పనిచేసే హరీష్‌తో కలిసి "మూడూర్ల మేళం" అని పాడ్‌కాస్ట్ నడుపుతుంది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆడించినాయన, హీరోల కటౌట్లకు రంగులు వేసినాయన, పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదే ఆయన, ఇలాంటివాళ్లను కూర్చోబెట్టి కబుర్లు చెప్పించి, ఎవరి ఫోన్లో వాళ్లు వినేటట్టు పెడతారు. ఆదెప్ప పక్కన చాలా కాలం రాణి వేసినావంట గదా, ఆ వరస గురించి మాట్లాడతావా అవ్వా అని ఆ పిల్ల అడిగితే సిద్దమ్మ వెంటనే ఒప్పుకుంది. మాట్లాడేది తనొక్కతే అనుకుంది పాపం.

చీరల కొట్టు మీది గదిలో రికార్డింగు. బయటి హారన్ల మోత లోపలికి రాకుండా గోడల నిండా పాత బొంతలు వేలాడదీశారు. ఉన్నవాటిలో మంచి కుర్చీలో, తెల్ల పంచె, భుజాన జరీ తువ్వాలుతో, సాక్షాత్తూ ఆదెప్ప కూర్చుని ఉన్నాడు. పెద్దాయనను పిలవకుంటే బాగుండదని తనే వెళ్లి కారులో తీసుకొచ్చానని హరీష్ చెప్పాడు. పద్మ ముఖం చూస్తే ఈ సంగతి ఆ పిల్లకూ అప్పుడే తెలిసినట్టుంది.

ఆదెప్ప చెడ్డవాడని ఎవరూ అనలేరు. ఓబులదేవరచెరువు పక్క పల్లెలో పొలాలున్న ఆసామి. నాటకం ఆడిన రోజుల్లో రాణి అన్నం తిన్నదా లేదా అని అడగకుండా తను విస్తరి ముందు కూర్చునేవాడు కాదు. మనిషి ఎత్తు, మీసం, నిలబడే తీరు అన్నీ రాజుకు తగ్గట్టే ఉండేవి. ఆయనకు లేనిది ఒక్కటే, దమ్ము. బీడీలు దాన్ని ఎప్పుడో తినేశాయి. సెలవు పద్యం మొదటి పాదం ఒక్క ఊపిరిలో పాడాల్సినది. ఆయన సగానికి వచ్చేసరికి గొంతు తెగిపోయేది. నాటకం ముంగిట్లోకి వచ్చేసింది, ఊళ్లో పందిరి కూడా వేసేశారు. ఆ సాయంత్రం బడి వరండాలో సాధన చేస్తూ, హార్మోనియం సంజీవప్ప ఇక నా వల్ల కాదని పెట్టె మూసేశాడు. అప్పుడు సిద్దమ్మ తన మనసులో కట్టుకుని దాచుకున్న వరస ఒకటి తీసింది. ఆదెప్ప ఊపిరి ఎక్కడ తెగుతుందో అక్కడ దాన్ని విరిచింది. విరిచినట్టు తెలియకుండా గొంతును కిందికి దించింది. దుఃఖంతో రాజు గొంతు పూడుకుపోయిందని జనం అనుకోవాలి, ఆయన గుక్క తిప్పుకోవాలి. సంజీవప్ప మళ్లీ పెట్టె తెరిచాడు. ఆ సంజీవప్ప ఇప్పుడు లేడు. సాక్ష్యం చెప్పేవాళ్లెవరూ లేరు.

రికార్డింగు మొదలైంది. పద్మ అడిగే ప్రశ్న సిద్దమ్మ వైపు వస్తుంది, జవాబు ఆదెప్ప నోట్లోంచి పోతుంది. ఏ ఊళ్లో ఎంత జనం, ఎవరు శాలువా కప్పారు, ఏ ఎమ్మెల్యే చివరిదాకా కూర్చున్నాడు, అంతా ఆయనే చెప్పాడు. హరీష్ కూడా ఎంత ముచ్చటగా వింటున్నాడో! మధ్యలో రెండుసార్లు ఆదెప్ప, "ఏమంటావు సిద్దమ్మా?" అన్నాడు. ఆమె ఏమైనా అనేలోపు ఆయన ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. సిద్దమ్మకు ఒళ్లు మండింది. చివరికి పద్మ ఆయన మాటకు అడ్డం పడి, ఇంతకూ ఈ వరస ఎట్లా పుట్టిందో అవ్వను చెప్పమంది.

"నేను కట్టినా," అంది సిద్దమ్మ. "అది నా వరస."

ఆదెప్ప ముందు నవ్వాడు. తర్వాత, పాడినోడిది కాక వరస ఇంకెవరిది అవుతుందని హరీష్‌ను అడిగాడు. హరీష్ రెండు చేతులూ కలిపి, ఇద్దరూ కలిసి కట్టినారని చెప్పుకుందాం, ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది అన్నాడు. సర్దుబాటు చేయడంలో ఆ అబ్బాయిది కూడా హరి గుణమే. సిద్దమ్మ తల అడ్డంగా ఊపింది. కలిసి కట్టలేదు నాయనా, ఒక్కదాన్నే కట్టినా, సగం ఇస్తే సగం అబద్ధం అవుతుంది అని నెమ్మదిగానే చెప్పింది. ఆదెప్ప మీసాలు అదిరాయి. ఊరూరా జనం నా పేరు పెడితే నేను పెట్టుకున్నట్టా అన్నాడు. అది నిజమే. ఆయన పెట్టుకోలేదు. వద్దని మాత్రం అనలేదు.

పద్మ ఏ పక్కా మాట్లాడలేదు. మైకు ఆయన ముందుకు జరిపి, "ఒకసారి పాడు తాతా," అంది.

ఆదెప్ప తువ్వాలు సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. మొదలు బాగానే ఉంది, ఆ గొంతులో ఇప్పటికీ రాజు ఉన్నాడు. కానీ ఆనాడు ఊపిరి ఆగిన చోటు దాకా కూడా ఈ వయసులో రాలేదు. అంతకు చాలా ముందే ముఖం ఎర్రబడి, చెయ్యి గాలిలో ఉండగానే గొంతు ఆగిపోయింది. ఆయన సిద్దమ్మ వైపు చూశాడు.

ఆ చూపు ఆమెకు కొత్త కాదు. ఊళ్లో నాటకం అంటే, రాజు వేషం కట్టేది చాలాచోట్ల ఊరివాడే, ఏడాదంతా ఆ ఒక్క రోజు కోసం కాచుకున్నవాడు. వాడు పద్యం మరిచినా, దమ్ము చాలక ఆగినా, పక్కనున్న రాణి ఆ పాదాన్ని అందుకుని దాటించాలి. జనానికి తెలియకూడదు. అందుకోని ఆడమనిషిని మళ్లీ ఏ ఊరూ పిలవదు. ఆ చూపు పడితే చాలు, నిద్రలోనైనా సిద్దమ్మ గొంతు లేచేది. ఇప్పుడూ లేచింది, నాలుక దాకా వచ్చింది.

ఆమె పళ్లు బిగబట్టి మింగేసింది.

ఆదెప్ప నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే ఆగాడు, మళ్లీ చూశాడు. హరీష్ తట్టుకోలేక రికార్డర్ ఆపబోతే పద్మ అతని చెయ్యి పట్టుకుంది. ముసలాయనను చూసి సిద్దమ్మకు జాలి వేసింది. అంతమంది రాజుల్లో తన అన్నం గురించి అడిగింది ఈయనొక్కడే. జాలి జాలే, మాట మాటే అనుకుంది.

"నీ దమ్ము ఇప్పుడు ఇంగా ముందే అయిపోతాంది అన్నా," అంది. "కావల్లంటే ఈ పొద్దు గూడా నీకి తగినట్ల ఇంగో చోట విరిచి ఇస్తా. ఆ పొద్దు విరిచింది ఎవురో నువ్వు చెప్పల్ల."

ఆదెప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆ ముఖంలో రాజు లేడు, అలిసిపోయిన రైతు ఉన్నాడు.

"నేను వరండా బయట బీడీ కాలుస్తాంటి," అన్నాడు. "తిరిగొచ్చేలోపల కట్టి పెట్టినావు. సంజీవప్ప పెట్టె వాయిస్తా ఏడుస్తాన్యాడు. నువ్వే కట్టినావు సిద్దమ్మా. జనమంతా నా పేరు చెప్తాంటే కాదనేకి నాకి నోరు రాలేదు."

సిద్దమ్మకు కళ్లు నిండాయి. దీనికోసమే వచ్చింది. వచ్చిన పని అయిపోయింది, లేచి బస్సుకు పోవచ్చు. పద్మ మాత్రం వదల్లేదు. ఆయన కోసం విరవకముందు ఆ వరస నీ మనసులో ఎట్లా ఉండేదో పాడి చూపిస్తావా అవ్వా అని అడిగింది.

దాన్ని ఆమె ఎప్పుడూ ఎవరి ముందూ పాడలేదు. పాడే అవసరం రాలేదు, రాణికి ఆ పద్యం లేదు మరి. దమ్ము ఉందో లేదో తనకే తెలియదు. వీపు నిటారుగా చేసుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి నిండా తీసుకుంది.

పాదం లేచింది. ఆదెప్ప ఆగిన చోటు దాటింది, లోకమంతా ఏడ్చే ఆ విరుపు చోటికి వచ్చింది, అక్కడ దిగకుండా ఇంకా పైకి పోయింది. గొంతు బొంగురుపోయింది, మెడ నరాలు తేలాయి. ఆమె వదల్లేదు. చివరి అక్షరం దాకా ఒక్క ఊపిరిలో లాగి, అప్పుడు కళ్లు తెరిచింది.

ఆదెప్ప చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఇన్నేళ్లూ పక్కన నిలబడ్డాడు తప్ప, ఎదురుగా కూర్చుని ఆమె పాట వినడం ఆయనకు ఇదే మొదలు.

"ఇది నాతో అయ్యేది గాదు సిద్దమ్మా," అన్నాడు.

"తెల్సన్నా," అంది ఆమె, ఇంకా ఆయాసపడుతూనే. "అందుకే విరిచినా."