పన్నెండు గంటల లోపల

ఆ బుధవారం ఉదయం ఆరింటికి, మదనపల్లె టమాటా మార్కెట్లో లోడెత్తుతూ లోహిత్ లారీ మీదనుంచి వెల్లకిలా పడ్డాడు. తోటివాళ్లు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో వేశారు. ఎముకకు దెబ్బ తగిలితే ముందు నాటువైద్యుడితో పసరు కట్టు కట్టించడం ఆ ఇంటి అలవాటు. తండ్రి రెడ్డెప్ప ఫోనులో చెప్పగానే ఆటోను ఆసుపత్రికి కాక పుంగనూరుకు తిప్పారు.

అక్క మునీశ్వరి పుంగనూరులో టీచరు. కట్టు కట్టే గంగులప్ప ఇంటికి ఆమే ముందు చేరింది. చిన్నప్పుడు ఆమె మోచెయ్యి విరిగితే సరిచేసింది ఆయనే. "కూసోబెట్టి పట్టుకోమ్మా" అన్నాడాయన. ఆమె తమ్ముణ్ణి వెనకనుంచి ఎత్తి కూర్చోబెట్టింది.

"అక్కా, నా కాళ్లు యాడుండాయి? మార్కెట్లోనే మర్సిపోయి వచ్చినారా?" అని లోహిత్ నవ్వబోయాడు.

"పసరు ఇంకితే తిమ్మిరి పోతాదిలే" అన్నాడు గంగులప్ప. మూడింటిదాకా చూశారు. పోలేదు. "ఇది నా చేతి పని కాదు రెడ్డెప్పా, పెద్దాసుపత్రికి పోండి" అన్నాడు చివరికి. కారు దొరికి కుప్పం చేరేసరికి సాయంత్రం ఏడు.

డాక్టర్ సుష్మ కాగితం మీద వెన్నుపాము బొమ్మ గీసి నిదానంగా చెప్పింది. దెబ్బ ఒక్కసారే తగిలినా నష్టం గంటల తరబడి పాకుతుంది. చచ్చిన నాడీకణాలు పక్కవాటినీ చంపుతాయి. ఆ పాకడాన్ని ఆపితే మిగిలినవి మళ్లీ చిగురిస్తాయేమోనని ఒక మందును పరీక్షిస్తున్నారు. దానికింకా పేరు లేదు, నంబరే. సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైను; ఎవరికేదో డాక్టర్లకూ తెలియదు. పడిన పన్నెండు గంటల లోపల మొదలుపెట్టాలి.

"ఆలస్యమైతే?" అని అడిగింది మునీశ్వరి.

"మేలు కంటే రక్తస్రావం ప్రమాదం ఎక్కువ కావచ్చమ్మా. అందుకే అడుగుతున్నాం. ఎన్నింటికి పడ్డాడు?"

స్ట్రెచర్ మీద లోహిత్ అంతా వింటున్నాడు. రెడ్డెప్ప కూతుర్ని తలుపు బయటికి పిలిచాడు.

"ఎనిమిదని రాయమ్మా. రెండు గంటల తేడా ఎవురు సూడొచ్చినారు?"

"రక్తం కారితే, నాయనా?"

"కారకపోతే? మీ బడి నిజాలు ఈడ యాల? వాడు నీ తమ్ముడు గాదా?"

మునీశ్వరి లోపలికి వెళ్లి పరీక్ష ఫారం తీసుకుంది. పడిన సమయం దగ్గర ఆరు అని రాసింది. లోహిత్‌ను పరీక్షలోకి తీసుకోలేదు. ఆపరేషన్ జరిగింది. కాళ్లు రాలేదు.

నాలుగు నెలలయింది. పడింది ఎనిమిదింటికని రాయించి మందు సూది వేయించామని రెడ్డెప్ప కొడుకుతో చెప్పాడు. కొడుకు నమ్మాడు. కూతురితో మాత్రం ఆయన మాట్లాడడం లేదు. చక్రాల కుర్చీ మడిచినట్టే గోడకు ఆనుకొని ఉంది. కూర్చోవడం నేర్పడానికి వచ్చే ఫిజియోథెరపిస్టును లోహిత్ రెండుసార్లు వెనక్కి పంపాడు.

"నడిసేవానికి కుర్చీ యాలన్నా? మందు పని జేస్తాండాది. కావాలంటే మా అక్కను అడుగు. యేమక్కా, పొద్దున బొటనేలు కదిలిందా లేదా?"

మూడోసారి వచ్చిన ఆ ఫిజియోథెరపిస్టు ఆమె వైపు చూశాడు. ఆమె దుప్పటి తొలగించి తమ్ముడి పాదం చూసింది. కదలలేదు.

"చూస్తున్నానురా, తమ్ముడూ" అంది, అంతే.

ఇలాగే పడుకొని ఉంటే వీపు పుండ్లు పడుతుందని, చేతుల్లో ఉన్న బలమూ పోతుందని ఆయన గుమ్మం దగ్గర ఆమెకు మెల్లగా చెప్పి వెళ్లాడు. లోహిత్‌కు ఆ మందు ఎవరూ ఇవ్వలేదని మునీశ్వరి వాడికి ఇంకా చెప్పలేదు.