అరవై ఒకటో పేజీ

నేను అక్షరాలు దిద్దింది యాభై ఎనిమిదో ఏట. రాతలో తప్పులుంటే మన్నించాలి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాస్తాను కాబట్టి ఈ కాస్తకే నెల పట్టింది. ఇక చెప్పేది నేను కాదు, పుస్తకం.

నేను ఒక హత్యల నవలని. పదమూడేళ్లు దాటిన పిల్లలకని అట్ట మీదే వేశారు. పక్కన కత్తి బొమ్మ. అచ్చులో ఎరుపు ఎక్కువైతే ప్రెస్సాయన, "ఉండనీ, ఇంకా బాగా అమ్ముడవుద్ది," అన్నాడు.

పార్వతీపురం దగ్గర ఆడపిల్లల హాస్టలుకి ఒక పెట్టెలో బట్టల కింద చేరాను. తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను పూటకొకరు చదివేశారు. "ఎవరు చంపారో చెప్పావంటే నిన్ను చంపుతానే," అనుకునేవారు. ఇందుమతి ఒక్కతే అరవై ఒకటో పేజీలో ఆగింది. అక్కడ ఒక భర్త చచ్చిపోయిన పెళ్లాం గురించి పోలీసులతో, "మెట్ల మీద కాలు జారింది," అంటాడు. ఆ పక్కన పెన్సిలుతో రాసింది: 'మా నాన్న కూడా ఇలాగే చెప్పాడు. నేను చూశాను.' తర్వాత చదివినవాళ్లు ఎవరో సరదాకి రాశారనుకుని పేజీ తిప్పేశారు.

పెట్టెలు వెతికిన రోజు వార్డెను నన్ను పొయ్యిలో పెట్టమని వంటగదికి పంపింది. వంటామె నరసమ్మ పెట్టలేదు. పిల్లల పుస్తకం కదా, తేలిగ్గా ఉంటుందనుకుంది. అన్నం ఉడికేలోగా అర పేజీ, వేలు పెట్టి. నాలో ముగ్గురు చచ్చినా ఆమె మొహం మారలేదు. మొగుడు పోయిన రోజూ అలాగే ఉందట. అచ్చు ఏదో, పెన్సిలు ఏదో అని చూడకుండా ఉన్నవన్నీ చదివింది. అరవై ఒకటో పేజీకొచ్చిన రోజు అన్నం అడుగంటింది.

రాత ఎవరిదో పిల్లలే చెప్పారు. ఇందుమతిని వంటగదిలోకి పిలిచింది.

"ఊరికే రాశాను మామ్మా."

"మీ అమ్మ పడినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"తలుపు వెనక." గొంతు తగ్గించి అంది, "ఆదివారం నాన్నొస్తాడు. చదువు మానిపించి తీసుకుపోతాడంట. నేను చూశానని ఆయనకి తెలిసిపోయింది మామ్మా."

శనివారం నరసమ్మ నన్ను కొంగులో చుట్టుకుని బస్సెక్కి పోలీస్ స్టేషనుకి వెళ్లింది. కానిస్టేబులు అట్ట చూసి నవ్వాడు.

"కథల పుస్తకం పట్టుకొచ్చావేటి, ముసలమ్మా?"

"కథ వద్దు బాబూ. పక్కనున్నది చదువు."

చదివాడు. నవ్వు ఆపి లోపలికి తీసుకెళ్లాడు. సాయంత్రం లేడీ ఎస్సై హాస్టలుకొచ్చి ఇందుమతితో గంటసేపు మాట్లాడింది. ఆదివారం తండ్రి మైసూర్‌పాకు పొట్లంతో వచ్చేసరికి గేటు దగ్గర పోలీసు జీపు ఉంది.

ఇందుమతి అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. చెప్పకుండా స్టేషనుకి వెళ్లిందని నరసమ్మని పనిలోంచి తీసేశారు. నేను సాక్ష్యంగా కోర్టు బీరువాలో, నంబరు చీటీ కట్టిన సంచిలో ఉన్నాను. పక్కన ఎవరిదో గొడ్డలి. మా ఇద్దరినీ ఎవరూ బయటికి తియ్యరు. నాలో అసలు హంతకుడెవరో నరసమ్మకి ఇప్పటికీ తెలీదు. ఎవరినీ అడగలేదు.

ఇట్లు,
పొట్నూరు అప్పలనరసమ్మ,
అరవై రెండేళ్లు.
ప్రస్తుతం సాలూరులో మా అక్క ఇంటి పంచలో ఉంటున్నాను.