సర్వరుకు పెట్టిన బొట్టు

శుక్రవారం వచ్చిందంటే చాలు, సుదర్శన్ గారి జీన్స్ ఫ్యాక్టరీలో సర్వర్ అలిగి కూర్చుంటుంది. వారమంతా బుద్ధిగా పనిచేసే యంత్రం, ఆ పొద్దున మాత్రం ఆఫీసులో ఒక్క కంప్యూటరునూ దగ్గరికి రానివ్వదు. కటింగ్ వాళ్ళకు కొలతల బొమ్మలు తెరుచుకోవు. లేబుళ్ళు సగం అచ్చయి ప్రింటర్ నోట్లోనే నిలిచిపోతాయి. అప్పుడిక అందరి చూపూ రంజిత మీదికి తిరుగుతుంది. ఆ కంప్యూటర్లన్నీ చూసుకునేది ఆమె ఒక్కతే మరి.

రంజిత రోజూ కప్పగల్లు అనే పల్లె నుంచి బస్సులో వస్తుంది. వాళ్ళ ఇంట్లో కూలికి పోకుండా కుర్చీలో కూర్చునే ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి. చేయని ప్రయత్నం లేదు పాపం. కాసేపు వాడకుండా వదిలేసిన కంప్యూటరుతో సర్వరే సంబంధం తెంచేసుకుంటోందేమోనని ఆ సెట్టింగు మార్చింది. ప్రింటర్ డ్రైవర్ మళ్ళీ వేసింది. గోడ వెంబడి వైర్లు కొత్తవి లాగించింది. చివరికి అన్నీ ఆపి, వైర్లన్నీ ఒకసారి ఒత్తి, మళ్ళీ ఆన్ చేస్తే పనిచేసేది. ఎందుకు చేసిందో మాత్రం అంతుపట్టేది కాదు.

"నోడమ్మా, చూడు, ఇంకొక్క శుక్రారం ఇట్లే ఆగితే ఈ కంప్యూటర్ల పనంతా బెంగళూరు కంపెనీకి ఇచ్చేస్తా. నీకు ఈడ పని ఉండదు," అనేశాడు సుదర్శన్. చెడ్డవాడేం కాదు. కానీ లోడు ఎత్తాల్సిన లారీ ఆగిందంటే ఆయన నోరు ఆగదు.

తరువాతి శుక్రవారం రంజిత ఆఫీసువాళ్ళందరికంటే ముందే వచ్చి సర్వర్ గదిలోకి వెళ్ళింది. వైర్లన్నీ వచ్చి కలిసే చిన్న స్విచ్చు పెట్టె మీద కుంకుమ బొట్టుంది. ఆయుధపూజనాడు ప్రతి యంత్రానికీ పెట్టేదే, ఏడాదంతా ఆ మరకల వంక ఎవరూ చూడరు. కానీ ఇది ఎండాకాలం, ఆ బొట్టేమో ఇంకా తడిగా ఉంది. వేళ్ళు పెట్టి వెతికితే, సర్వర్ నుంచి వచ్చే పొట్టి వైరు సగం బయటికి జారి కనిపించింది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఎప్పుడో విరిగింది. పెట్టెను ఎవరో ఎత్తి, తుడిచి, మళ్ళీ పెట్టారు.

వెనక్కి తిరిగితే తలుపు దగ్గర తడిగుడ్డతో యంకమ్మ. ఫ్యాక్టరీ ఊడ్చే పెద్దావిడ. రంజితకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంది యంకమ్మవ్వా ఇది! దీన్ని ఎందుకు ముట్టుకుంటివి?"

యంకమ్మ బెదిరిపోయింది. "అది కాదు పాపా. ఆ పొద్దు ఎలక వైరు కొరికిందని సార్ నిన్ను అందర్లో తిట్టె గదా. నువ్వు మెట్ల కింద కూచోని ఏడుస్తాంటే చూస్తి. ఈ పెట్టె బాగుంటేనే నీ పని నిలబడేది అని ఆఫీసోళ్ళు అనిరి. అందుకే శుక్రారం శుక్రారం శుద్ధంగా తుడిచి, బొట్టు పెట్టి, నీ పేరు చెప్పి మొక్కుకుంటాండా."

రంజిత కోపమంతా దిగిపోయింది. తన కోసం ఇంట్లోవాళ్ళు కూడా ఇలా వారం తప్పకుండా మొక్కుకోలేదు. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది.

వైరుకు కొత్త క్లిప్పు బిగించింది. స్విచ్చు పెట్టెను గోడకు చేయి అందనంత పైన స్క్రూలతో పట్టించింది. పాత సామాన్ల బీరువాలోంచి చెడిపోయిన అలాంటి పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పైది నీకు అందదవ్వా. బొట్టు దీనికి పెట్టు."

"సాలుతాదా?"

"సాలుతాది."

"ఏమైంది?" అన్నాడు సుదర్శన్ వస్తూనే. "ఎవరు చేసిరి?"

"పాత వైరు సార్. నేనే ముందే చూసుకోవాల్సింది," అంది రంజిత.

మరుసటి శుక్రవారం ఒక్క కంప్యూటరుకూ లైను తెగలేదు. లేబుళ్ళు చకచకా అచ్చయి పడుతుంటే యంకమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది, ముఖమంతా వెలుగు.

"చూస్తివా పాపా, నా మొక్కు ఊరికే పోలే."

"పోలేదవ్వా," అంది రంజిత. ఆ మాటలో ఆమెకు అబద్ధమేమీ కనిపించలేదు.

యంకమ్మ వేలికి ఇంకా కుంకుమ ఉంది. నుదురు ఆమెకు అందేలా రంజిత తల వంచింది.