వెల్లకిలా వచ్చినవాడు

ఆసుపత్రికి శవం ఎప్పుడూ వెల్లకిలానే వస్తుంది. మోసుకొచ్చేవాళ్ళు ముఖం పైకి పెట్టి తెస్తారు, ముఖం మీద గుడ్డ కప్పుతారు, గుడ్డ మీద పోలీసు చీటీ పెడతారు. అందుకే డాక్టర్ వహీదుద్దీన్ గారు పెథాలజీ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు మొదటిరోజు చెప్పేది ఒక్కటే: చీటీ చదవకుండా పక్కన పెట్టు, శవాన్ని బోర్లా తిప్పు, వీపు చూడు, చూసింది పైకి చెప్పు. కత్తి ఆ తర్వాతే.

ప్రేమమణి మెదక్ దగ్గర పల్లెలో మిషన్ బడిలో చదువుకుని, ఉర్దూ కూడబలుక్కుంటూ డాక్టరు పరీక్ష నెగ్గిన పిల్ల. మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. వహీదుద్దీన్ గారి దగ్గర తర్ఫీదుకు చేరి ఏడాది దాటినా ఆమెకు శవాన్ని తిప్పడం మాత్రం చేతకాలేదు. చచ్చినవాడి బరువు బతికినవాడికి రెండింతలు. ఆ పని శవాల గదిలో ఇరవయ్యేళ్ళుగా ఉన్న పర్వతాలుది. "నువ్వు కాళ్ళు పట్టు బిడ్డా, మిగతాది నేను జూసుకుంట" అని, ఒక చెయ్యి భుజం కిందా ఒక చెయ్యి నడుం కిందా పెట్టి, నిద్రపోయే పసిపిల్లను పక్క మార్చినట్టు తిప్పేవాడు. రాతిబల్లకు తల తగిలిన చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు.

నలభై ఎనిమిది జులైలో భువనగిరి వైపు నుంచి పోశాలు అనే రైతు శవం వచ్చింది. పోలీసుల మీద తుపాకీ పేలుస్తూ ఎదురుకాల్పుల్లో చచ్చాడని చీటీలో ఉర్దూలో రాసి ఉంది. తిప్పి చూస్తే, గుండు వీపులో చిన్న రంధ్రం చేసి దూరి, రొమ్ములో పిడికెడు మాంసం ఎగరగొట్టుకుని బయటికి పోయింది. పారిపోతున్నవాణ్ణి వెనకనుంచి కాల్చారు. ప్రేమమణి అలాగే రాసింది. పోశాలుకు ఒక అన్న ఉన్నాడు, రైల్వేలో గార్డు. ఆ కాగితం నకలు తీసుకుని బొల్లారంలో ఇండియా వాళ్ళ ఆఫీసులో అర్జీ పెడతానని అందరితో చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున, డాక్టరు గారు కాలేజీలో పాఠం చెబుతున్న వేళ, నలుగురు రజాకార్లు తలుపు తన్నుకుని లోపలికి వచ్చారు. ముందున్నవాడు బుర్హాన్ అలీ. రెండేళ్ళ కిందటి దాకా రెజిమెంటల్ బజార్‌లో దర్జీ. వాళ్ళ ఖాకీ చొక్కాలన్నీ అతడు కుట్టినవే. కుట్టి కుట్టి చివరికి వాళ్ళకు నాయకుడయ్యాడు.

"క్యా పర్వతాల్, నీ కొడుకు పెండ్లికి నేను కుట్టిన అంగీ మంచిగనే ఉందా?" అని నవ్వి, బల్లమీది కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. గుండు ఎదురుగా తగిలిందని మళ్ళీ రాయమన్నాడు. చూసిందే రాశానని ప్రేమమణి చెప్పింది. అతడు ఆమెను ముట్టుకోలేదు. పర్వతాలు కుడిచెయ్యి పట్టుకుని రాతిబల్ల మీదికి లాగాడు. ఇద్దరు భుజాలు అదిమి పట్టారు. పుర్రె తెరిచే పనిముట్లలోంచి సుత్తె తీసి కొట్టాడు. మొదటి దెబ్బకు వేళ్ళు విచ్చుకున్నాయి. రెండో దెబ్బకు లోపల కట్టెపుల్లలు విరిగినట్టు చప్పుడైంది. మూడోది అక్కర్లేకపోయినా కొట్టాడు. పర్వతాలు అరుపు ఆవరణ దాటి వినిపించింది. ఒక్కరూ రాలేదు.

ప్రేమమణి ఆ సుత్తె పట్టిన చేతిని చూస్తూ ఉండిపోయింది. బొటనవేలి మొదట్లో చింతగింజంత కాయ, నల్లగా, నడుమ పగిలి ఉంది. ఏళ్ళ తరబడి కత్తెర ఒత్తుకుపోయిన చోటు.

బుర్హాన్ ఈసారి పర్వతాలు ఎడమచెయ్యి లాగి బల్ల మీద పెట్టాడు. "ఇదొకటి మిగిలింది. లిఖో, డాక్టర్నీ."

ఆమె రాసింది. మొదటి కాగితం నెత్తురుకు తడిసిపోతే ఇంకొకటి బుర్హానే అందించాడు.

సాయంత్రం డాక్టరు గారు వచ్చి ఆ దొంగ కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "బేటీ, ఇది భయంతో రాశావు. దీనికి నేనేమీ అనను. ఇలాంటిది రెండోది రాసేనాడు ఎవరి చెయ్యీ సుత్తె కింద ఉండదు. నా భయమంతా దానిగురించే."

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్లు ఖాకీ చొక్కాలు బావుల్లో పారేసి పరుగెత్తారు. రెజిమెంటల్ బజార్‌లో బుర్హాన్ దుకాణం తగలబెట్టారు. కుట్టుమిషను మోరీలో తలకిందులుగా పడి ఉండగా జనం దాన్ని రాళ్ళతో కొట్టారు. చిలకలగూడ నుంచి నడిచి వస్తూ ప్రేమమణి అది చూసి ఆగలేదు. ఆమెకు జాలి కలగలేదు. శవాలు వస్తూనే ఉన్నాయి. ఇదివరకు ధోవతులవాళ్ళు, ఇప్పుడు పైజామాలవాళ్ళు. గొడ్డలి దెబ్బలు, బరిసె పోట్లు, బావి నీళ్ళలో నాని ఉబ్బినవాళ్ళు. బీదరు వైపు చెల్లెలి కుటుంబాన్ని తీసుకొస్తానని వెళ్ళిన వహీదుద్దీన్ గారు తిరిగి రాలేదు. ఏ కబురూ లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం బెజవాడ వైపు నుంచి వచ్చిన కొత్త పోలీసు జమేదారు ఒక శవాన్ని దింపించాడు. ఆమె చీటీ పక్కన పెట్టబోతే, అందులోది తనే నోటితో చెప్పేశాడు. మర్యాద తెలిసిన మనిషి.

"రెండు పనులండి డాక్టరమ్మగారూ. వీడెవడో రజాకారు, మా మీద తుపాకీ పేలుస్తూ ఎదురుకాల్పుల్లో పోయాడు. దానికో సంతకం. రెండోది, జులైలో పోశాలు అనే రైతు విషయంలో మీచేత బలవంతాన రాయించారట గదా. ఇప్పుడు భయం లేదు, ఉన్నదున్నట్టు రాసివ్వండి. పైవాళ్ళు ఆ కాగితం కోసమే కూర్చున్నారు."

చీటీ ఈసారి ఇంగ్లీషులో ఉంది. మాటలు మాత్రం జులైలోవే. జమేదారు వేపచెట్టు కింద కూర్చున్నాడు.

శవానికి ముఖమంటూ మిగల్లేదు. రాళ్ళతోనో తుపాకీ మడమతోనో నలగ్గొట్టారు. పర్వతాలు చెయ్యి అప్పటికి అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. వేళ్ళు మూసుకోవు. అయినా పనికి వస్తున్నాడు. ప్రేమమణి అలవాటు ప్రకారం పాదాల నుంచి చెబుతూ వచ్చింది. మోకాళ్ళు, పొట్ట, రొమ్ములో రెండు పెద్ద గాయాలు, మణికట్లకు చుట్టూ ఒరుసుకున్న గీతలు. "కుడి బొటనవేలి మొదట్లో పాత కాయ, చింతగింజంత..." అని ఆగిపోయింది.

ఆమె ఆగకపోతే పర్వతాలు చూసేవాడు కాదేమో. వంగి ఆ వేలిని చూశాడు. పనిముట్ల దగ్గరికి పోయి ఎడమచేత్తో సుత్తె తెచ్చి, చచ్చినవాడి చేతిమీద కొట్టాడు. ఎముకలు విరిగాయి. నెత్తురు రాలేదు. ఇంకోసారి ఎత్తి, దింపేసి, గడప మీద పోయి కూర్చున్నాడు.

"సంతకం పెట్టు డాక్టరమ్మా. ఈ కొడుకును నేను ముట్ట."

ఆమె కలం తీసింది కూడా. నిజంగానే తీసింది. చీటీలోని మాట ఒక్కటి దింపితే అయిపోతుంది. పర్వతాలుకు తృప్తి, జమేదారుకు తృప్తి, తనకూ తృప్తే. ఆ తృప్తి ఎంత హాయిగా ఉందో గమనించాక ఆమెకు డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. బీదరు దారిలో ఆయన ఏ బల్లమీద వెల్లకిలా పడి ఉన్నారో, ఆయన్ను తిప్పి చూసేవాళ్ళెవరైనా ఉన్నారో లేదో. కలం పక్కన పెట్టి శవం భుజం పట్టి లాగింది.

సగం లేచి జారిపోయింది. రాతిబల్లకు తల ఠప్పున కొట్టుకుంది. మళ్ళీ లాగింది. మళ్ళీ అదే చప్పుడు. మూడోసారి చెయ్యి బల్ల కిందికి వేలాడి శవమంతా పక్కకు ఒరిగింది.

"గట్ల గాదు," అన్నాడు పర్వతాలు గడప మీది నుంచి. తర్వాత లేచాడు. "ఇరవయ్యేండ్లల్ల ఈ బల్ల మీదికెళ్ళి ఒక్కణ్ణి కింద పడెయ్యలే నేను. అవతలి చెయ్యి రొమ్ము మీద వెయ్యి. మోకాలు మడువు. ఆ, నడుం కాడ పట్టు. ఇగ నీ దిక్కు గుంజు." తను మాత్రం ఎడమచెయ్యి తల కింద పెట్టాడు. శవం బోర్లా తిరిగింది. ఈసారి చప్పుడు కాలేదు.

వీపులో రెండు చిన్న రంధ్రాలు, అంచులు లోపలికి తిరిగి ఉన్నాయి. మణికట్ల వెనక గీతలు మరీ లోతు. చేతులు వెనక్కి కట్టి కాల్చారు. ప్రేమమణి పైకి చెప్పింది. చివర్న కుడిచేతి ఎముకలు విరిగినది కూడా చెప్పి, ఆ దెబ్బ ప్రాణం పోయాక తగిలిందని అంది.

"అది సుత రాస్తవా?"

"రాస్తాను, అన్నా."

పర్వతాలు తన వంకర చేతిని చూసుకున్నాడు. "రాయి మరి. కొట్టింది నేనేనని రాయి. నా చెయ్యి ఇరగ్గొట్టింది వాడేనని అదే కాగితంల రాయి."

ఆమె ఒకే కాగితం తీసుకుంది. ఒకవైపు పోశాలు సంగతి రాసింది: గుండు వెనక నుంచి తగిలిందని, ఒక మనిషి పర్వతాలు చెయ్యి నుజ్జుచేసి తనచేత అబద్ధం రాయించుకున్నాడని, ఆ మనిషి పేరు బుర్హాన్ అలీ అని. కాగితం తిప్పి రెండోవైపు బుర్హాన్ అలీ శవం సంగతి రాసింది. అడుగున ఒకటే సంతకం పెట్టింది.

జమేదారు మొదటివైపు చదివి చాలా సంతోషపడ్డాడు. ఇదే కావలసింది, మంచి సాక్ష్యం అన్నాడు. తిప్పాడు. చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు.

"వీడి కోసమా అమ్మా ఇదంతా? ఈ రెండోది వేరే కాగితం మీద రాసివ్వండి."

"ఇవ్వనండి. రెండూ ఒకే చేత్తో రాశాను, ఒకే సంతకం."

"చింపుతే రెండూ చినుగుతయ్ సాబ్," అన్నాడు పర్వతాలు.

జమేదారు ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పుతూ చాలాసేపు వేపచెట్టు కింద నిలబడ్డాడు. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, వాళ్ళిద్దరి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

లోపల బల్ల మీద దర్జీ ఇంకా బోర్లానే ఉన్నాడు. ఖననానికి పంపాలంటే మళ్ళీ వెల్లకిలా తిప్పాలి. పర్వతాలు ఎడమచెయ్యి తల కింద పెట్టాడు.

"కాళ్ళు పట్టు బిడ్డా."